గోడ గీత... స్థలం వంపు!

'ఎన్ని గజాలు?'

మేడ్చల్, షామీర్‌పేట చుట్టుపక్కల నలుగురు కూడితే చాలు, వినిపించే మాట ఇదే. ఒకప్పుడు ఈ ప్రాంతం ద్రాక్షతోటలకు పేరు. పందిళ్లు పోయాయి, హద్దురాళ్లు వెలిశాయి. ఔటర్ రింగ్‌రోడ్డు వచ్చాక, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడ్డాక ఆ జోరు మరింత పెరిగింది. టీ కొట్టు దగ్గర నిలబడి, కాగితం కలం లేకుండానే గజాల్ని అడుగుల్లోకీ, అడుగుల్ని లక్షల్లోకీ మార్చేసేవాళ్లు ఇక్కడ వీధికి నలుగురు. అదే ఇళ్లలో పదో తరగతి పిల్లలు మాత్రం గ్రాఫు కాగితం ముందు బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటారు. రేఖీయ సమీకరణం, వర్గ సమీకరణం, పరావలయం... పేర్లే సగం భయపెడతాయి మరి. నిజానికి నాన్న వేసే ప్లాటు లెక్కా, పిల్లలు గీయాల్సిన గ్రాఫూ వేర్వేరు కాదు.

గేటుతో కలిపి ఎంత?

చతురస్రాకారపు ప్లాటు ఒకటి తీసుకుందాం. ఒక్కో వైపు 30 అడుగులుంటే చుట్టూ ప్రహరీ 120 అడుగులు. 40 ఉంటే 160. 50 ఉంటే 200. వైపు 10 అడుగులు పెరిగిన ప్రతిసారీ గోడ సరిగ్గా 40 అడుగులే పెరుగుతోంది. గ్రాఫు మీద అడ్డంగా వైపు కొలతనీ నిలువుగా గోడ పొడవునీ తీసుకుని మూడు చుక్కలు పెట్టి చూడండి. స్కేలు ఆనిస్తే మూడూ ఒకే గీత మీద ఉంటాయి. 'వై = 4 ఎక్స్' అంటే ఇదే. ఇందులోని 4ను ఆ గీత 'వాలు' అంటారు.

ఇప్పుడు ఖర్చు సంగతి. ఒక మేస్త్రీ అడుగు గోడకు 500 రూపాయలూ, గేటుకు విడిగా 20 వేలూ అడిగాడనుకుందాం. ఖర్చు గీత సున్నా దగ్గర కాకుండా 20 వేల దగ్గర మొదలవుతుంది. గోడ ఒక్క అడుగు లేకపోయినా గేటు ఖర్చు గేటుదే కదా! పుస్తకంలోని 'వై = ఎం ఎక్స్ + సి'లో 'ఎం' అడుగు ధర, 'సి' గేటు ధర. అంతే. మరో మేస్త్రీ అడుగుకు 600 చెప్పి, గేటు 10 వేలకే పెడతానన్నాడు. ఎవరు చవక? రెండు గీతలూ గీస్తే 100 అడుగుల దగ్గర, 70 వేల రూపాయల ఎత్తులో కలుస్తాయి. గోడ అంతకన్నా చిన్నదైతే రెండో మేస్త్రీ, పెద్దదైతే మొదటి మేస్త్రీ నయం. మన 120 అడుగుల గోడకు మొదటివారు 80 వేలు, రెండోవారు 82 వేలు. ఇద్దరూ అడుగుకు ఒకే ధర చెప్పి గేటు దగ్గర మాత్రమే తేడా పెడితే ఆ గీతలు ఎంత పొడిగించినా కలవవు. 'రేఖీయ సమీకరణాల జత' అన్న పాఠంలో ఉన్నది ఈ బేరమే.

25 గజాలు ఎక్కడ పోయాయి?

గోడ వదిలేసి స్థలం లెక్కలోకి వస్తే కథ మారిపోతుంది. 30 అడుగుల వైపున్న ప్లాటు 900 చదరపు అడుగులు, అంటే సరిగ్గా 100 గజాలు. వైపు రెట్టింపు చేసి 60 అడుగులు చేస్తే? 200 గజాలని నోరు జారేవాళ్లు బోలెడుమంది. కానీ అది 400 గజాలు! కొలత రెండింతలైతే స్థలం నాలుగింతలు. 'వై = ఎక్స్ వర్గం' అంటే ఇదే.

మరి 45 అడుగులైతే? 30కీ 60కీ సరిగ్గా మధ్య కదా అని ఆ రెండు చుక్కల్నీ స్కేలుతో కలిపేస్తే గ్రాఫు 250 గజాలని చెబుతుంది. అసలు లెక్క 45 ఇంటూ 45... 2,025 చదరపు అడుగులు, అంటే 225 గజాలే. స్కేలు పెట్టిన పాపానికి 25 గజాలు తేడా! షామీర్‌పేటలో ఆ పొరపాటు విలువ ఎంతో ఎవరికీ చెప్పక్కర్లేదు. వర్గ సమీకరణం గ్రాఫును స్కేలుతో కాకుండా చేత్తో నున్నగా వంపు తిప్పమని మాస్టార్లు అంటారే, అది అందం కోసం కాదు. చుక్కకీ చుక్కకీ మధ్య కూడా ఆ గీత నిజమే చెప్పాలి.

కంచె అంతే... స్థలం మారుతుంది

ఇంకో లెక్క. మీ దగ్గర 120 అడుగుల కంచె ఉంది. దాంతో దీర్ఘచతురస్రంగా ఎంత స్థలం చుట్టొచ్చు? వెడల్పు 10 అయితే పొడవు 50, స్థలం 500 చదరపు అడుగులు. 20 అయితే 800. 30 అయితే 900. 40 దగ్గర మళ్లీ 800కి, 50 దగ్గర 500కి దిగుతుంది. 0 దగ్గరా 60 దగ్గరా స్థలమే ఉండదు. ఈ చుక్కల్ని కలిపితే గుమ్మటంలా లేచి దిగే వంపు వస్తుంది. అదే పరావలయం. నేలను తాకే 0, 60 దాని శూన్యాలు, 30 దగ్గరున్నది శిఖరం.

వర్గ సమీకరణానికి రెండు జవాబులెందుకని పిల్లలు అడుగుతుంటారు. 800 చదరపు అడుగుల ఎత్తులో అడ్డంగా ఒక గీత గీయండి. గుమ్మటాన్ని రెండు చోట్ల, 20 దగ్గరా 40 దగ్గరా కోస్తుంది. 900 దగ్గర ఒక్కచోటే తాకుతుంది. 1,000 దగ్గర అసలు అందదు. ఆ కంచెతో 1,000 చదరపు అడుగులు చుట్టడం ఎవరి తరమూ కాదు. సూత్రంలో వేస్తే విచక్షణి విలువ 3,600 మైనస్ 4,000, అంటే మైనస్ 400. రుణసంఖ్య! 'వాస్తవ మూలాలు లేవు' అని బట్టీపట్టే వాక్యానికి అర్థం ఇది.

వర్గ సమీకరణాలు మనకు కొత్తవేం కాదు. 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు 'గణితసార సంగ్రహం'లో వాటిని సాధించాడు. పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చాడు. లెక్కనూ బొమ్మనూ ఒకటి చేసే దారిని 1637లో ఫ్రాన్స్‌ దేశపు దెకార్త్ ప్రపంచానికి చూపించాడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పది రాసిన అమ్మానాన్నల్లో చాలామందికి 'వై = ఎక్స్ వర్గం' గ్రాఫు గుర్తుండే ఉంటుంది. ఒక్క వంపు గీసి, దానిమీదుగా 'వై = ఎక్స్ + 2' అన్న గీత లాగితే అవి 2 దగ్గరా, మైనస్ 1 దగ్గరా కలుసుకునేవి. సమీకరణానికి జవాబులు అవే. మార్కుల కోసం గీసి మర్చిపోయారు గానీ భలే ఉపాయమది! మార్కులు పోయేచోట్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మైనస్ 2ను వర్గం చేసి మైనస్ 4 అనేయడం, దాంతో వంపు ఒకవైపు బోర్లాపడటం. అడుగున గుండ్రంగా తిరగాల్సిన చోట 'వి' అక్షరంలా మొన తేల్చడం. స్కేలు ఎంత తీసుకున్నదీ కాగితం మూల రాయకపోవడం.

ఇంట్లో చేసి చూడాలంటే 24 సెంటీమీటర్ల దారాన్ని రెండు కొసలూ కలిపి ముడేయండి. ముడికి పోయేది అదనంగా ఉంచుకోండి. గ్రాఫు కాగితం మీద నాలుగు గుండుసూదులు గుచ్చి దాన్ని దీర్ఘచతురస్రంగా సాగదీయండి. వెడల్పు 1 సెంటీమీటరు అయితే లోపల 11 పెద్ద గడులు పడతాయి. 4 అయితే 32, 5 అయితే 35, 6 అయితే 36. తర్వాత 7 దగ్గర ఎన్నో పిల్లల్నే లెక్కపెట్టమనండి.