ఇళ్లు రెండైనా తండ్రి ఒక్కడే: మనోవర్తిలో పిల్లల హక్కు

తండ్రి వేరే కాపురం పెడితే మొదటి ఇంటి పిల్లలకు ఇవ్వాల్సింది ఆగిపోతుందా? పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకు తండ్రిని అడిగే హక్కు ఉందా? మన వాడల్లో ఈ ప్రశ్నలు ముందు కోర్టుకు పోవు, పంచాయితీకి పోతాయి. పెద్దమనుషులు ఎంతో కొంత ఇప్పించి, స్టాంపు కాగితం మీద తల్లి వేలిముద్ర తీసుకుని "ఇక అడగొద్దు" అంటారు. కానీ బిడ్డ పోషణ బిడ్డ హక్కు. తల్లి రాసిచ్చిన కాగితంతో అది రద్దు కాదు.

చట్టం ఏం చెబుతోంది?

ఒకప్పటి సీఆర్‌పీసీ 125వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ అయింది. స్తోమత ఉండి కూడా బిడ్డను పోషించని తండ్రి నెలనెలా మనోవర్తి ఇవ్వాలని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. బిడ్డ సక్రమ సంతానమా, అక్రమ సంతానమా అన్నదానితో ఇందులో తేడా లేదు. 'అక్రమ' అనే మాట చట్టంలో ఇంకా మిగిలి ఉండటమే మన అభ్యంతరం. బిడ్డ పుట్టుకలో అక్రమం ఏముంటుంది? హక్కు విషయంలో మాత్రం ఆ సెక్షన్ ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టింది.

ఇది జోగిని తల్లుల పిల్లలకు చాలా ముఖ్యం. దేవుడి పేరుతో దళిత ఆడపిల్లలను అంకితం చేయడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988 చట్టం నిషేధించింది. కానీ ఆ పిల్లల తండ్రి ఎవరో ఊరందరికీ తెలిసినా స్కూలు రిజిస్టరులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. పెత్తందారు కులాల మగవాళ్లు పెళ్లి చేసుకుంటామని నమ్మించి వదిలేసిన మన ఆడపిల్లల పరిస్థితీ అంతే. తండ్రి కాదని అతను బుకాయిస్తే తల్లి సాక్ష్యం, డబ్బు పంపిన ఆధారాలు, ఫోన్ సందేశాలు, ఫొటోలు పనికొస్తాయి. అవసరమనుకుంటే కోర్టు డీఎన్‌ఏ పరీక్షకు ఆదేశించవచ్చు.

కేసు వేస్తే పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ పోతుందేమోనని కొందరు తల్లులు భయపడతారు. కులాంతర దంపతుల పిల్లల గురించి 2012లో రమేశ్‌భాయ్ దాభాయ్ నాయకా కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. తండ్రి కులమే బిడ్డ కులమని గుడ్డిగా తేల్చకూడదు. ఎస్సీ, ఎస్టీ తల్లి దగ్గర ఆమె సమాజంలోనే పెరిగి, అదే వివక్షను అనుభవించానని బిడ్డ ఆధారాలు చూపవచ్చు.

రెండిళ్ల మధ్య ఎలా పంచుతారు?

మన చట్టంలో ఇంతమంది పిల్లలుంటే ఇంత శాతం అనే లెక్క లేదు. తండ్రి ఆదాయం, ఆస్తి, అప్పు, అతని మీద ఆధారపడిన వాళ్లందరినీ కోర్టు చూస్తుంది. 2017లో కల్యాణ్ దేయ్ చౌధురి కేసులో మొదటి భార్యకూ కొడుకుకూ నెలకు హైకోర్టు రూ.23,000 ఖరారు చేసింది. భర్తకు మళ్లీ పెళ్లయి బిడ్డ కూడా ఉన్నాడని సుప్రీంకోర్టు దాన్ని రూ.20,000 చేసింది. కొత్త సంసారం వల్ల తగ్గింది రూ.3,000 మాత్రమే, బాధ్యత పోలేదు.

ఒకసారి ఆర్డరు వచ్చాక ఇంకో బిడ్డ పుట్టాడని తండ్రి తనంతట తాను డబ్బు తగ్గించడానికి వీల్లేదు. మార్పు కావాలంటే 146వ సెక్షన్ కింద కోర్టును అడగాలి. అప్పటిదాకా పాత ఆర్డరే చెల్లుతుంది. ఖర్చులు పెరిగితే పెంచమని తల్లి కూడా అదే సెక్షన్ కింద అడగవచ్చు.

2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా తీర్పు ఇచ్చిన ఆయుధం మరొకటి ఉంది. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు, పోషించాల్సిన వాళ్ల వివరాలతో అఫిడవిట్ వేయాలి. రెండో ఇంటి ఖర్చు చూపించి తప్పించుకోవాలంటే ఆ ఇల్లు గడిచే ఆదాయమూ చూపించక తప్పదు. పని లేదంటే సరిపోదు. ఒంట్లో శక్తి ఉన్నవాడు కూలి చేసైనా భార్యాపిల్లలను పోషించాలని 2022లో అంజూ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రోజు కూలీ తండ్రి నుంచి పెద్ద మొత్తం రాదన్నది మనకు తెలిసిందే. ఆ కొద్దిపాటి కూలిలోనూ రెండిళ్ల పిల్లలకూ హక్కుంది. రెండో ఇంటి బిడ్డ మనకు శత్రువు కాదు, ఆ బిడ్డ కూడా చాలాసార్లు మన వాడ బిడ్డే. కాబట్టి మన వాదన ఆ పిల్లల నోటి ముద్ద తగ్గించమని కాకుండా తండ్రి దాచిన ఆదాయాన్ని బయటపెట్టమని ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలి?

నగరాల్లో ఫ్యామిలీ కోర్టు, మిగతాచోట్ల ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టు. పెళ్లయిన తల్లి తాను ఉంటున్న ఊరి పరిధిలోనే వేయవచ్చు. పెళ్లి కాని తల్లి అయితే అతను ఉండే చోట, లేదా ఇద్దరూ చివరిసారి కలిసి ఉన్న చోట వేయాలి. కేసు తేలేలోపు మధ్యంతర మనోవర్తి అడగండి. అవతలి వారికి నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు దాన్ని తేల్చాలని చట్టంలోనే ఉంది.

ఆర్డరు ఉన్నా ఇవ్వకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు పడవచ్చు. జైలుకు వెళ్లొచ్చినా బకాయి మాఫీ కాదు. అయితే బకాయి పడిన ఏడాదిలోపే వారెంటు కోసం దరఖాస్తు చేయాలి. ఈ గడువు దాటి నష్టపోతున్న తల్లులు ఉన్నారు.

లాయరు ఫీజుకు భయపడక్కర్లేదు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. మండల న్యాయ సేవాధికార కమిటీకి వెళ్లినా, 15100కు ఫోన్ చేసినా చాలు.

మనోవర్తిని దరఖాస్తు చేసిన తేదీ నుంచే లెక్కించాలని రజనీశ్ తీర్పు చెప్పింది. పంచాయితీ పెద్దల మాట కోసం ఎదురుచూసిన నెలలు ఆ లెక్కలోకి రావు. అందుకే దరఖాస్తు ముందు వేయండి. రాజీ మాటలు తర్వాత మాట్లాడుకోవచ్చు.