గ్లౌజుకు లొంగని వేలి కొస

మినియాపొలిస్‌లో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థిని చలికాలం మొదట్లో ఫోన్ చేసింది. క్షేమసమాచారాలు అయ్యాక అసలు సంగతికి వచ్చింది. “మేడమ్, ప్రతి ఏడూ ముందటి వాటికంటే మందపాటి గ్లౌజులు కొంటున్నాను. అరచేతికి చెమట పడుతోంది గానీ, వేలి కొసలు మాత్రం పాలిపోయి మొద్దుబారుతున్నాయి. మందం పెంచితే వెచ్చదనం పెరగాలి కదండీ?” తనకున్నది రేనో సమస్య అని అక్కడి డాక్టరు చెప్పారట.

తరగతిలో ఎవరైనా అడిగితే ఆ పూట పాఠం పక్కన పెట్టి దీన్నే చెప్పుకోవాలి, అంత మంచి ప్రశ్న. ఉష్ణవాహకత చెప్పేటప్పుడు మేం బోర్డు మీద ఎప్పుడూ గోడనే గీస్తాం. ఒక పక్క వేడి, ఇంకో పక్క చలి. గోడ మందం రెట్టింపు చేస్తే దాటిపోయే వేడి సగమవుతుంది. పిల్లలు దాన్ని నోట్సులో రాసుకుంటారు, జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు. కానీ వేలికి గోడ ఆకారం లేదు. అది సన్నటి స్తంభం, కొస దగ్గర గుండ్రటి గుళిక. గ్లౌజు కథంతా ఈ ఆకారం దగ్గరే మలుపు తిరుగుతుంది.

ముందు వేడి ఎక్కణ్ణుంచి వస్తుందో చూడాలి. మామూలు గ్లౌజు వేడిని పుట్టించదు, ఉన్నదాన్ని నిలబెడుతుంది. వేలు కూడా పెద్దగా పుట్టించదు. కుడిచేత్తో ఎడమ ముంజేతిని పట్టుకుని ఎడమ పిడికిలి బిగించి చూడండి, కండ కదిలేది ముంజేతిలో. వేళ్ళను ముడిచే పెద్ద కండరాలన్నీ అక్కడే ఉన్నాయి, వేళ్ళలోకి వచ్చేవి వాటి స్నాయువులే. వేలిలో పెద్ద కండ లేదు, పుట్టే వేడి బహు తక్కువ, కాబట్టి దాని వెచ్చదనం దాదాపు అంతా రక్తం మోసుకొచ్చినదే.

వేలి కొసల్లో, గోళ్ళ కింద, అరచేతిలో ఒక ప్రత్యేకమైన ఏర్పాటు ఉంది. సన్నటి ధమని నుంచి సన్నటి సిరలోకి, మధ్యలో కేశనాళికలతో పని లేకుండా, నేరుగా పోయే అడ్డదారులు ఉంటాయి. కణాలకు ఆక్సిజన్ అందించడం వీటి పని కాదు. ఒంట్లో వేడి ఎక్కువైతే తెరుచుకుని దాన్ని చర్మం ద్వారా బయటికి పంపడం, చలి పుడితే మూసుకుని గుండె, మెదడు, కాలేయాల కోసం వేడిని దాచడం వీటి పని. ఇవి తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ మధ్య వేలికి వచ్చే రక్తం పదుల రెట్లు మారిపోతుంది. కాలువలో నీళ్ళు తగ్గినప్పుడు మొదట ఎండేది శివారు భూములే. రక్తం అనే కాలువకు వేలి కొస శివారు. పైన తూము దించారంటే అక్కడికి చుక్క రాదు.

ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ తూము ఎల్లకాలం మూసుకుని ఉండదు. లండన్‌లో థామస్ లూయిస్ అనే వైద్యుడు మనుషుల వేళ్ళను మంచునీటిలో ముంచి ఉష్ణోగ్రత కొలిచి 1930లో ప్రచురించాడు. మొదట వేలు బాగా చల్లబడుతుంది. ఐదు, పది నిమిషాలు గడిచాక నాళాలు వాటంతట అవే తెరుచుకుని వేలు మళ్ళీ వెచ్చబడుతుంది. మళ్ళీ మూత, మళ్ళీ తెరుపు. చలిలోనూ వేలి కణాలు చచ్చిపోకుండా కాపాడే ఊగిసలాట ఇది. రేనో ఉన్నవాళ్ళలో మూత అతిగా బిగుసుకుంటుంది, తెరుపు ఆలస్యమవుతుంది. మోరిస్ రేనో పారిస్‌లో 1862లో సమర్పించిన వైద్య పరిశోధన వ్యాసంలో దీన్ని వర్ణించాడు. రక్తం ఆగినప్పుడు వేలు తెల్లబడుతుంది, ఉన్న కొద్ది రక్తంలో ఆక్సిజన్ అయిపోతే నీలంగా మారుతుంది, నాళం తెరుచుకోగానే మంటతో ఎర్రబడుతుంది. దీనికి మంచు పడే దేశమే అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చున్నా, ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీసినా కొందరికి మొదలవుతుంది.

ఇక నాకు ఎంతో ఇష్టమైన భాగం. గ్లౌజు మందం పెంచితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. వేడి దాటాల్సిన దూరం పెరుగుతుంది, అది మనకు లాభం. దాంతోపాటు గ్లౌజు బయటి ఉపరితలం కూడా పెరుగుతుంది. వేడిని గాలికి అప్పగించేది ఆ ఉపరితలమే, కాబట్టి అది నష్టం. వీపు లాంటి చదునైన చోట స్వెటర్ మందం పెరిగినా వైశాల్యం పెద్దగా పెరగదు, లాభమే మిగులుతుంది. సన్నటి స్తంభం మీద ఈ రెండూ పోటీ పడతాయి. బంతి ఆకారం మీద పోటీ ఇంకా తీవ్రం, ఎందుకంటే అక్కడ వైశాల్యం వ్యాసార్ధం వర్గంతో పెరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఊలు, ఫ్లీస్ లాంటి గుడ్డల ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి సుమారు 0.04 వాట్లు. గాలి కదలని చోట ఒక ఉపరితలం, చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు, దాదాపు 10 వాట్లు వదులుకుంటుంది. వేలి వ్యాసం 16 మి.మీ. అనుకుందాం. 6 మి.మీ. మందం గుడ్డ వేస్తే చదునైన చోట వేడి నష్టం నూటికి 40కి పడిపోతుంది. అదే గుడ్డ వేలి పొడవునా చుడితే 59 దగ్గర ఆగుతుంది. వేలి కొసను బంతిగా ఊహించి లెక్క కడితే 84! మందాన్ని రెట్టింపు చేసి 12 మి.మీ. పెట్టినా కొస దగ్గర నూటికి 73 పైనే పోతుంది. అరచేతికి చెమట, వేలి కొసకు వణుకు ఎందుకో ఈ అంకెల్లోనే ఉంది.

గుడ్డ ఉష్ణవాహకతను పైన చెప్పిన 10 అనే గాలి అంకెతో భాగిస్తే ఒక వ్యాసార్ధం వస్తుంది. స్తంభానికి అది ఇక్కడ 4 మి.మీ., బంతికి దానికి రెట్టింపు, 8 మి.మీ. దీన్ని సందిగ్ధ వ్యాసార్ధం అంటారు. వస్తువు ఇంతకంటే సన్నగా ఉంటే, పొర చుట్టినకొద్దీ అది మొదట ఎక్కువ వేడిని కోల్పోతుంది. సన్నటి కరెంటు తీగకు తగిన మందంలో ప్లాస్టిక్ తొడుగు వేస్తే తీగ చల్లగా పనిచేసేది అందుకే. మనం తీసుకున్న వేలి కొస వ్యాసార్ధం సరిగ్గా 8 మి.మీ., అంటే గీత మీదే నిలబడి ఉంది. చిటికెన వేలి కొస వ్యాసార్ధం 6 మి.మీ. అనుకుని 2 మి.మీ. పల్చటి గుడ్డ చుట్టి చూడండి. కదలని గాలిలో వేడి నష్టం ఆరేడు శాతం పెరుగుతుంది. నిజమైన వేలి కొస పూర్తి బంతి కాదు, దాని వెనక వేలు ఉంది. కాబట్టి అసలు విలువ స్తంభానికీ బంతికీ మధ్యలో ఎక్కడో పడుతుంది. అయినా దిశ అదే.

మరి పల్చటి గ్లౌజు వేసుకున్నా బయట హాయిగా అనిపిస్తుందే! అది గాలి వీచడం వల్ల. గాలి వీస్తే ఆ 10 అనే అంకె 30 దాకా పోతుంది, సందిగ్ధ వ్యాసార్ధం మూడో వంతుకు పడిపోతుంది, అప్పుడు ఏ పొరైనా లాభమే. గ్లౌజు చేసే మొట్టమొదటి మేలు గాలిని ఆపడం. మందం తర్వాతి మాట. గాలి సంగతి తెలిసిన మనిషి పాల్ సైపుల్. 1928లో బాయ్ స్కౌట్‌గా ఎంపికై అడ్మిరల్ బర్డ్ బృందంతో అంటార్కిటికా వెళ్ళాడు. ఆ తర్వాత మరో యాత్రలో లిటిల్ అమెరికా స్థావరం దగ్గర చార్లెస్ పాసెల్‌తో కలిసి, ప్లాస్టిక్ గొట్టంలో 250 గ్రాముల నీళ్ళు పోసి, ఏ గాలిలో ఎంతసేపటికి గడ్డకడుతుందో కొలిచాడు. టీవీలో వాతావరణ వార్తల్లో వినిపించే ‘విండ్ చిల్’ అక్కణ్ణుంచి వచ్చిందే. అదే సైపుల్ 1949లో మరో ఇద్దరితో కలిసి చేతుల రక్షణ మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం రాశాడు. సన్నటి వేలికి మందం చుట్టి పెద్దగా సాధించలేమని అందులో ఉంది.

ఇక్కడే గ్లౌజుకూ మిట్టెన్‌కూ పాత వైరం మొదలవుతుంది. బొటనవేలికి ఒక గది, మిగతా నాలుగు వేళ్ళకూ కలిపి ఒకటే గది ఉన్నది మిట్టెన్. నేను దాని పక్షం. నాలుగు వేళ్ళను విడివిడిగా చుడితే చుట్టుకొలతలు మొత్తం 201 మి.మీ. పక్కపక్కన ఆనించి ఒకేసారి చుడితే 146 మి.మీ. చాలు. గాలికి ఎదురయ్యే వైశాల్యంలో నాలుగో వంతుకు పైగా ఆదా. పైగా నాలుగు వేళ్ళు కలిశాక ఆకారం సన్నటి స్తంభంలా ఉండదు, బల్లపరుపుగా గోడ వైపు జరుగుతుంది. అప్పుడు మందం పెంచితే నిజంగా పనికొస్తుంది. ఐదు వేళ్ళ గ్లౌజులో మందం ఎలాగూ పెంచలేం. వేళ్ళ మధ్య సందుల్లో గుడ్డ ఇరుక్కుని వేళ్ళు విచ్చుకుపోతాయి, బలవంతంగా తొడిగితే గ్లౌజు బిగుతై రక్తనాళాలను నొక్కుతుంది. రక్తప్రసరణే తక్కువైన చేతికి అంతకంటే అపకారం లేదు.

గ్లౌజు పక్షం వాదన కూడా వినాలి. మిట్టెన్‌తో బటన్ పెట్టుకోలేం, తాళం తీయలేం, ఫోన్ ఎత్తలేం. పని చేయడానికి దాన్ని విప్పిన అర నిమిషంలోనే నాళాలు మూసుకుంటాయి, మళ్ళీ తెరుచుకోవడానికి అరగంట పడుతుందో గంట పడుతుందో. చలిదేశాల సైన్యాలు మధ్యేమార్గం కనిపెట్టాయి. తుపాకీ మీట నొక్కే చూపుడువేలికి మాత్రం వేరే గది పెట్టాయి. ఇంట్లోవాళ్ళకు నేను చెప్పే రాజీ వేరు. లోపల పల్చటి ఊలు లేదా పట్టు గ్లౌజు, పైన వదులైన, గాలి చొరని మిట్టెన్. మిట్టెన్ విప్పినా చెయ్యి బోసిగా ఉండదు, చల్లటి ఇనుప తలుపు పిడి చర్మానికి తగలదు. లోపలి జత చెమటకు తడిస్తే మార్చేయాలి, నీళ్ళు గాలికంటే పాతిక రెట్లకు దగ్గరగా వేడిని మోసుకుపోతాయి మరి. నడుస్తున్నప్పుడు లోపల పిడికిలి కూడా ముడుచుకోవచ్చు, ఆ వీలు ఐదు వేళ్ళ గ్లౌజులో లేదు.

రక్తం వేడి తేనప్పుడు ఎంత మంచి తొడుగైనా ఖాళీ డబ్బాకు తాళం వేసినట్టే. బయటి నుంచి వేడి అందించాలి. ఎంత? బయట మైనస్ 10 డిగ్రీలు, గాలి లేదు, 6 మి.మీ. గ్లౌజులో 8 సెం.మీ. పొడవున్న వేలు 30 డిగ్రీల దగ్గర నిలవాలంటే పై లెక్క ప్రకారమే దాదాపు 1 వాట్ కావాలి. ఐదు వేళ్ళకు 5 వాట్లు. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు కరెంటు అంత!

ఆ 5 వాట్ల కోసం మనిషి పడ్డ తంటాలు గబగబా చెప్పేస్తాను. 1817లో హంఫ్రీ డేవీ, గ్యాసూ గాలీ కలిసిన మిశ్రమంలో ప్లాటినం తీగ మంట లేకుండానే ఎర్రగా వెలగడం చూశాడు. 1923లో జపాన్‌లో నీచి మతోబా అదే సూత్రంతో జేబులో పట్టే చేతి కుంపటి చేశాడు. పెట్రోలు రకం ఇంధనం ఆవిరి ప్లాటినం తగిలి, మంట లేకుండా గంటల తరబడి వేడినిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ బాంబర్లు ఏడెనిమిది కిలోమీటర్ల ఎత్తున, మైనస్ 40 డిగ్రీల్లో, పక్క కిటికీలు తెరుచుకుని ఎగిరేవి. తుపాకీ దగ్గర నిలబడే సైనికుల వేళ్ళు గడ్డకట్టేవి. వాళ్ళకు కరెంటు సూట్లు, గ్లౌజులు ఇచ్చారు. తొలి సూట్లలో తీగలను శ్రేణిలో కలపడంతో ఒకచోట తెగితే ఒళ్ళంతా చల్లబడేది, తర్వాత సమాంతరంగా కలిపారు. 1970ల చివర జపాన్‌లో ఇనుప పొడి పొట్లాలు వచ్చాయి. ఇనుము, ఉప్పు, నీళ్ళు, బొగ్గుపొడి. కవరు చింపితే గాలి తగిలి తుప్పు పడుతూ వేడెక్కుతుంది. ఇప్పుడు లిథియం బ్యాటరీ గ్లౌజులు.

ఈ చివరి రెండింటినీ పోల్చి చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గ్రాము ఇనుము పూర్తిగా తుప్పు పడితే దాదాపు 7 కిలోజౌళ్ళ వేడి వస్తుంది. 20 గ్రాముల ఇనుము ఉన్న పొట్లంలో 140 కిలోజౌళ్ళకు పైన, అంటే 5 వాట్ల లెక్కన దాదాపు 8 గంటలు. 7.4 వోల్టుల, 2.2 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఉన్నది 60 కిలోజౌళ్ళ లోపే. అది 3 గంటలు వస్తుంది. తుప్పే గెలిచింది! అయితే పొట్లానికి ఆక్సిజన్ కావాలి, బిగుతు గ్లౌజులో మూసేస్తే నీరసిస్తుంది. మంచి బ్యాటరీ గ్లౌజులో తీగ వేలి వెంట కొసదాకా పోతుంది. పొట్లం మిట్టెన్‌లో వేళ్ళ వెనక బాగా ఇముడుతుంది. బ్యాటరీ గ్లౌజు కొనేవాళ్ళు తీగ వేలి కొస చుట్టూ తిరిగి ఉందో, చేతి వెనకే ఆగిపోయిందో తప్పకుండా అడగండి. వెండి పోగులు వేడిని తిప్పికొడతాయని అమ్మే పల్చటి గ్లౌజుల మీద నాకు నమ్మకం లేదు. మెరిసే ఉపరితలం ఎదురుగా గాలి సందు ఉంటేనే వికిరణాన్ని తిప్పికొడుతుంది, చర్మానికి అంటుకుని ఉంటే ఆ లాభం దాదాపు పోతుంది.

గ్లౌజుతో సంబంధం లేని ఉపాయం ఇంకొకటి ఉంది. 1990లలో టొరంటోలో రక్షణ శాఖ శరీరశాస్త్రజ్ఞులు చలిగదిలో కూర్చున్నవాళ్ళ ఛాతీకి కరెంటు బనీను వేసి వేడి చేశారు. గ్లౌజులు లేకుండానే వేళ్ళు వెచ్చగా నిలిచాయి. ఒంట్లో వేడి మిగిలిందని తెలిస్తే శరీరమే తూము ఎత్తుతుంది. నా విద్యార్థినికి నేను చెప్పింది కూడా ఇదే క్రమం. ముందు ఒంటికి స్వెటర్, తలకు టోపీ, మణికట్టు మూసే పొడవు చేతులు. తర్వాత పల్చటి లోపలి జత, వదులు మిట్టెన్, అందులో పొట్లం. ఇంట్లోంచి బయల్దేరకముందే, చేతులు వెచ్చగా ఉండగానే తొడుక్కోవాలి. పొట్లాన్ని మొద్దుబారిన చర్మానికి నేరుగా ఆనించవద్దు, కాలినా తెలియదు.

ఒకే చేతికి లేదా ఒకే వేలికి ఇలా జరుగుతున్నా, వేలి కొసల్లో పుండ్లు పడుతున్నా, చర్మం బిగుసుకుంటున్నా గ్లౌజుల దుకాణానికి వెళ్ళకండి. అది లోపలి జబ్బుకు గుర్తు కావచ్చు, ముందు రుమటాలజిస్టుకు చూపించండి.