ఉద్యమ నౌకలో వంట

గ్రీన్‌పీస్ లాంటి పర్యావరణ ఉద్యమ సంస్థల నౌకలు వార్తల్లోకొచ్చేది తిమింగిలాల వేటకు అడ్డుపడ్డప్పుడో, చమురు వేదిక ఎక్కి బ్యానర్ కట్టినప్పుడో. ఫొటోలో రబ్బరు పడవా, హెల్మెట్లు పెట్టుకున్న మనుషులూ ఉంటారు. వాళ్లకు ఆ పూట అన్నం పెట్టినవాళ్లు కనిపించరు. అందుకే వంటను పైపనిగా చూస్తాం. కానీ ఇలాంటి నౌక బలమంతా కదలకుండా కాచుకోవడంలో ఉంది. రేవుకు దూరంగా వారాల తరబడి ఉండాలంటే ఇంధనం ఒక్కటే చాలదు, సరుకుల గదీ నిలవాలి. ఆకుకూరలు ముందు వండెయ్యాలి, తర్వాత క్యాబేజీ, క్యారెట్. చివరిదాకా ఆదుకునేవి ఉల్లి, బంగాళదుంప, గుమ్మడి, పప్పులు. ఆపిల్ పండ్లను ఆకుకూరల పక్కన పెడితే వాటి నుంచి వెలువడే ఇథిలీన్ వాయువుకు ఆకులు ముందే పసుపు తిరుగుతాయి. సముద్రం రేగిన రోజున గిన్నెలు జారకుండా పొయ్యి చుట్టూ కడ్డీలు బిగిస్తారు, కూరలు తరిగే పలక కింద తడిగుడ్డ వేస్తారు, గిన్నెలో సగానికి మించి పులుసు పొయ్యరు, మరిగే నూనె జోలికి పోరు. ఆ ఊపులోనూ వేళకు భోజనం అందాల్సిందే.

చెత్త విషయంలో బాధ్యత ఇంకా పెద్దది. నౌకల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ ఏదీ సముద్రంలో వెయ్యకూడదు. మిగిలిన ఆహారాన్ని సాధారణంగా, మెత్తగా నలిపితే తీరానికి 3 నాటికల్ మైళ్లు, నలపకపోతే 12 మైళ్లు దాటాకే వదలాలి. సముద్రాన్ని కాపాడండని ఊరూరా చెప్పే నౌక నుంచి ఒక్క ప్లాస్టిక్ సంచి నీళ్లలో పడినా ఆ మాటకు విలువ పోతుంది. ఆ సంచి వంటగది నుంచే రావచ్చు.

ఇదంతా ఏ సరుకు ఓడలోనైనా ఉండే పనే కదా, జీతానికి చేసే వంటను ఉద్యమం అనడమేమిటని అడగవచ్చు. పని ఒకటేనన్నది నిజం. అయితే జీతం మాటకొస్తే కెప్టెనూ జీతగాడే, ఆయన్ను ఎవరూ ఉద్యమానికి బయట నిలబెట్టరు. సరుకు ఓడలోనూ ఇక్కడా ప్రమాదం మాత్రం ఒకటి కాదు. 2013 సెప్టెంబరులో పెచోరా సముద్రంలోని ప్రిరజ్లోమ్నయా చమురు వేదిక దగ్గర నిరసన తెలిపిన గ్రీన్‌పీస్ నౌక ఆర్కిటిక్ సన్‌రైజ్‌ను రష్యా స్వాధీనం చేసుకుంది. వేదిక ఎక్కబోయి అక్కడికక్కడే పట్టుబడ్డది ఇద్దరు. అరెస్టయింది మాత్రం వాళ్లతో కలిపి నౌకలో వచ్చిన మొత్తం 30 మంది. వాళ్లలో వంటమనిషీ ఉన్నాడు. మొదట మోపిన సముద్ర దోపిడీ అభియోగం అందరి మీదా ఒకటే, బెయిలు వచ్చేదాకా సుమారు రెండు నెలల జైలూ అందరికీ ఒకటే.