తలకు దెబ్బ తగిలితే మాట చెల్లదా?

సాగర్ రోడ్డు మీది శేరిగూడలాంటి ఊళ్లో భూమి మీద అందరి కన్నూ ఉంటుంది. ఇంటాయన బండి మీంచి పడి, తలకు దెబ్బ తగిలి, ఆస్పత్రి నుంచి వచ్చారనుకోండి. పొద్దున తిన్నది గుర్తుండదు. ‘‘ఆయనకేం తెలుస్తుంది, కాయితాల మీద వేలిముద్ర వేయిద్దాం’’ అంటారు అయినవాళ్లు. తొందరపడకండి!

మతిమరుపు వేరు, నిర్ణయించుకోలేకపోవడం వేరు. విషయం అర్థమవుతోందా, తేల్చుకునేదాకా గుర్తుంటోందా, లాభనష్టాలు తూచగలుగుతున్నారా, మాటతోనో సైగతోనో చెప్పగలుగుతున్నారా - డాక్టర్లు ముఖ్యంగా చూసేవి ఈ నాలుగే. అదీ ఒక్కో నిర్ణయానికి విడివిడిగా. కూరేం కావాలో చెప్పగలిగినవారు పొలం అమ్మకం సంగతి తూచలేకపోవచ్చు.

అలసట లేని వేళ, టీవీ కట్టేసి, చిన్న మాటల్లో ఒక్కొక్కటే చెప్పండి. ‘‘అర్థమైందా?’’ అంటే తలూపేస్తారు. ‘‘నేనేం చెప్పాను?’’ అని అడగండి. కొందరు డాక్టరు ముందు చక్కగా మాట్లాడతారు, బజారుకెళ్తే ఉన్నదంతా ఖర్చుపెట్టేస్తారు. ఆ సంగతి డాక్టరుకు చెప్పాల్సింది రోజూ చూసే మీరే.

సంతకం వేళ విషయం అర్థంకాని, మంచిచెడ్డలు తూచుకోలేని మనిషితో చేయించుకున్న ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం చెల్లదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద నియమించే పరిమిత సంరక్షకులు కూడా ఆయనతో కలిసే నిర్ణయించాలి. కాబట్టి ముందు ఆయన్ని అడగండి, ఆ తర్వాతే కాయితం!