ఆఫీసుల మనీప్లాంట్ పెడితే గాలి బాగైతదా?

మా ఊరి పోరడు ఒకడు పట్నంల కొత్త కొలువుల చేరి ఫొటో పంపిండు. ఏసీ హాలు, వరుసగ కంప్యూటర్లు, వాని టేబుల్ మీద గాజు సీసల మనీప్లాంట్. కిటికీ యాడ కనిపిస్తలేదు. "అన్నా, ఇది గాలిని శుభ్రం చేస్తదట, మా మేనేజర్ చెప్పిండు" అని రాసిండు.

ఈ ముచ్చట ఎక్కడికెల్లి వచ్చిందో చెప్త. 1989ల అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక పరీక్ష చేసింది. గాలి బయటికి పోకుంట మూసిన పెట్టెలల్ల మొక్కలు పెట్టి, బెంజీన్ లాంటి విషవాయువులు వదిలిన్రు. మొక్కలు, వాటి వేర్లకాడి సూక్ష్మజీవులు కలిసి అందుల కొంత గుంజుకున్నయి. అది నిజమే. గని ఆఫీసు మూసిన పెట్టె కాదు కద! తలుపులు తెరుస్తరు, సందులకెల్లి గాలి వస్తది, పోతది. 2019ల అమెరికాలనే డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత పరీక్షలన్నీ తిరగేసి లెక్క కట్టిన్రు. మామూలు బిల్డింగుల గాలి వచ్చిపోతుంటే ఈ వాయువులు ఎంత తగ్గుతయో, మొక్కలతోని అంత తగ్గాల్నంటే ఒక్కో చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. ఇగ మనుషులు ఎక్కడ కూసోవాలె?

అట్లని మొక్క దండుగ అంటలేను. బ్రిటన్, నెదర్లాండ్స్‌ల బోడి ఆఫీసులల్ల, కూసున్నోళ్ల కండ్లకు ఆనేటట్టు మొక్కలు పెట్టి చూసిన్రు. 2014ల ఆ ఫలితాలు అచ్చయినయి. పని 15 శాతం పెరిగిందని ఎక్సెటర్ యూనివర్సిటీ చెప్పింది. మనసు పని మీద నిలుస్తున్నదని, ఆఫీసు మంచిగనిపిస్తున్నదని ఉద్యోగులే చెప్పిన్రు. పొద్దంతా స్క్రీన్ చూసేటోనికి నడుమ నడుమ ఇంత పచ్చదనం కనపడుడు చిన్న సంగతేం కాదు. పొలం గట్ల మీద పెరిగినోళ్లం, మనకు ఒకలు చెప్పాల్నా?

గని పని 15 శాతం పెరిగితే జీతం ఎంత పెరిగింది? ఆ లెక్క ఏ మేనేజరూ చెప్పడు. కుండీ చవక. కిటికీ తెరిస్తే ఏసీ బిల్లు పెరుగుతది, గంటకోసారి లేవనిస్తే టార్గెట్ తగ్గుతది. అందుకే కుండీ వస్తది, కిటికీ రాదు. 2025 దాక అమలుల ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ల మంచిగాలి ఆడేటట్టు ఏర్పాటు చెయ్యాలె అని రాసి ఉండె. అది ఫ్యాక్టరీలకు రాసిందే. గని ఊపిరి ఊపిరే కద, ఆఫీసుల కూసున్నంత మాత్రాన మారుతదా?

ఇంకో మాట. సీసల నీళ్లు మార్చకపోతే డెంగీ దోమ అండ్లనే గుడ్లు పెడతది. దానికి నిలిచిన మంచినీళ్లే ఇష్టం. వారానికోసారి పారబోసి, సీసను లోపల రుద్ది కడగాలె. మట్టికుండీల పెడితే కింది పళ్లెంల నీళ్లు నిల్వ ఉండనియ్యొద్దు.

ఇదంత తమ్మునికి రాసిన. సీస ఉంచుకో, గని కిటికీ సంగతి అడుగు అన్న. ఒక్కనివే కాదు, పదిమంది కలిసి అడుగున్రి అన్న. రాత్రి మెసేజ్ వచ్చింది. హాలుల కిటికీ ఉన్నదట. దాని ముంగట బీరువా పెట్టిన్రట.