లాసెట్, క్లాట్, మధ్యలో మిర్చి యార్డు

గుంటూరు, ఒంగోలు వైపు ఇంటర్ చదివే పిల్ల "నేను లా చేస్తాను" అంటే ఇంట్లో మొదట పుట్టే అనుమానం, ఎంసెట్ పోయిందేమోనని. (ఆ పరీక్ష పేరు ప్రభుత్వం మార్చి ఏళ్లయింది. ఇళ్లలో ఇంకా మారలేదు.) రెండో అనుమానం, మనవాళ్ల గట్టు తగాదా ఏదైనా కోర్టుకెక్కిందేమోనని. ఈ రెండూ కాకుండా తెలిసి, కావాలని లా వైపు వెళ్లే పిల్లలు ఇప్పుడు కనిపిస్తున్నారు. వాళ్లకు దారి చెప్పేవాళ్లే తక్కువ. ఇంజనీరింగుకీ మెడిసిన్‌కీ ఏ పుస్తకం ఎన్నిసార్లు తిరగెయ్యాలో చెప్పే మేనమామ ఈ జిల్లాల్లో ప్రతి ఇంటికీ ఒకడుంటాడు. లా ఎంట్రన్సుకు అలాంటి మేనమామ దొరకడు. ఆ పని కొంత ఇక్కడ చేద్దాం.

ముందు తెలుసుకోవాల్సింది, పరీక్షలు రెండు. రెండూ లా కాలేజీకే తీసుకెళ్తాయి గానీ, అడిగే తీరు వేరు, అడిగే భాష వేరు, వచ్చే కాలం వేరు.

లాసెట్ మన రాష్ట్ర పరీక్ష. ఉన్నత విద్యామండలి తరఫున ఏదో ఒక విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. 2023లోనూ 2024లోనూ ఆ బాధ్యత మన ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానిదే. ఇంటర్ అయినవాళ్లకు ఐదేళ్ల కోర్సు, డిగ్రీ అయినవాళ్లకు మూడేళ్ల కోర్సు. జనరల్ వాళ్లకు ఆ ఇంటర్‌లోనో డిగ్రీలోనో 45 శాతం మార్కులుండాలి. బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. పరీక్షలో 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. ముప్పై జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ. ముప్పై కరెంట్ అఫైర్స్. మిగిలిన అరవై లా చదవడానికి తగిన బుర్ర ఉందా అని చూసేవి. ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. తప్పు రాస్తే మార్కు పోదు. కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదిలెయ్యకూడదు. అయినా వదిలేసి వచ్చేవాళ్లుంటారు, అదేదో నిజాయితీ అన్నట్టు. క్వాలిఫై కావడానికి 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీస మార్కు కూడా లేదు. అందుకే "క్వాలిఫై అయ్యాను" అని ఫ్లెక్సీ కట్టించుకునే ముందు ర్యాంకు ఎంతో చూసుకోవడం మంచిది.

క్లాట్ జాతీయ పరీక్ష. 2008లో మొదలైంది. విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని నల్సార్, బెంగుళూరులోని నేషనల్ లా స్కూలు లాంటి ఇరవైకి పైగా జాతీయ లా యూనివర్సిటీలకు ఇదే గుమ్మం. ఢిల్లీది మాత్రం వేరే పరీక్ష. ఇప్పుడిందులో 120 ప్రశ్నలు, రెండు గంటలు. ప్రతి నాలుగు తప్పులకూ ఒక మార్కు కోత. ఇంగ్లీషు, కరెంట్ అఫైర్స్, లీగల్ రీజనింగ్, లాజికల్ రీజనింగ్, కొంచెం లెక్కలు. 2020 నుంచి అన్నీ ప్యాసేజీలే. నాలుగువందల యాభై మాటల దాకా ఉండే పేరా ఒకటి ఇచ్చి, దాని కింద వరుసగా ప్రశ్నలు అడుగుతారు. ప్రశ్నకు నిమిషం అని లెక్క గానీ, ఆ పేరా చదవడం కూడా ఆ నిమిషంలోనే. అంతా ఇంగ్లీషే. దరఖాస్తు ఫీజు జనరల్ వాళ్లకు నాలుగు వేలు. సీటొస్తే కట్టాల్సింది ఏడాదికి లక్షల్లో.

ఇలా రెండు అంతస్తులుండటం మనకు కొత్తకాదు. ప్రకాశం జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆయన కథే ఇది. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి తల్లి చదివిస్తే టంగుటూరి ప్రకాశం సెకండ్ గ్రేడ్ ప్లీడరు పరీక్ష పాసయ్యారు. రాజమండ్రిలో ప్రాక్టీసు బాగా సాగింది, డబ్బూ వచ్చింది. కానీ సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు పై కోర్టులో నిలబడి వాదించే అర్హత లేదు. ఆ అడ్డు దాటడానికే ఇంగ్లండు వెళ్లి, 1907 నాటికి బారిస్టరై తిరిగొచ్చి మద్రాసులో బోర్డు పెట్టారు. ఇప్పుడు చట్టంలో ఆ తేడా లేదు. నాగార్జునలో చదివిన లాయరుకూ నల్సార్‌లో చదివిన లాయరుకూ నల్లకోటు ఒకటే, సుప్రీంకోర్టు గుమ్మం ఒకటే. జస్టిస్ ఎన్.వి. రమణ లా పట్టా నాగార్జున విశ్వవిద్యాలయానిది. ఆయన 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తను ఇంగ్లీషు మొదలుపెట్టింది ఎనిమిదో తరగతిలోనని ఆ ఏడాదే నిండు కోర్టులో చెప్పారు. అలాగని క్లాట్ అక్కర్లేదని కాదు. పెద్ద లా ఫర్ములూ కంపెనీలూ ఉద్యోగాలివ్వడానికి ముందు జాతీయ యూనివర్సిటీలకే వెళ్తాయి. నరసరావుపేట కోర్టులోనో ఒంగోలు కోర్టులోనో ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లకు మాత్రం కాలేజీ పేరు కంటే ఏ సీనియరు ఆఫీసులో చేరారన్నదే ఎక్కువ పనికొస్తుంది.

ఇక అసలు చదువు. లీగల్ ఆప్టిట్యూడ్ అనగానే పిల్లలు సెక్షన్లు బట్టీ పడతారు. లాసెట్‌కు అది కొంతవరకూ పనికొస్తుంది. ఏ ఆర్టికల్ దేనికి, రిట్లు ఎన్ని రకాలు, ఏ చట్టం ఏ ఏడాదిది అని సూటిగా అడుగుతారు. క్లాట్ అడిగేది వేరు. సూత్రం వాళ్లే ఇస్తారు, సంగతి వాళ్లే చెప్తారు. ఆ సూత్రాన్ని ఆ సంగతికి పెడితే ఏం తేలుతుందో చెప్పమంటారు. వినడానికి తేలిక. మన ప్రాంతపు పిల్లలు, అందులోనూ తెలివైనవాళ్లు, తడబడేది సరిగ్గా ఇక్కడే. ఎందుకంటే వాళ్లకు సంగతులు ముందే తెలుసు.

ఒక ప్రశ్న చూద్దాం. సూత్రం ఇది: ఏజెంటుకు ఇచ్చిన అధికారాన్ని ఇచ్చినవాడు వెనక్కి తీసుకోవచ్చు. అయితే ఆ సరుకులో ఏజెంటుకు సొంత ప్రయోజనం ఉంటే, ముందుగా వేరే ఒప్పందం ఉంటే తప్ప, ఆ ప్రయోజనం దెబ్బతినేలా రద్దు చెయ్యడానికి వీల్లేదు. సంగతి ఇది: ఒక రైతు చేతిలో ఉన్న మిర్చి మీద కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తీసుకున్నాడు. ఎనభై టిక్కీలు అతని కొట్టుకు పంపి, "అమ్మి నీ బాకీ పట్టుకొని మిగతాది నాకివ్వు" అన్నాడు. మర్నాడు తేజ రకానికి ధర పెరుగుతుందని తెలిసి "అమ్మొద్దు" అని ఫోన్ చేశాడు. ఆ మాట చెల్లుతుందా? జవాబులు నాలుగు. చెల్లుతుంది, సరుకు రైతుది కాబట్టి. చెల్లదు, బాకీ రాబట్టుకోవడం కోసం ఆ సరుకులో వ్యాపారికి సొంత ప్రయోజనం ఉంది కాబట్టి. చెల్లుతుంది, వ్యాపారి అన్యాయపు వడ్డీ పట్టుకుంటాడు కాబట్టి. చెల్లదు, ఫోన్‌లో చెప్పిన మాటకు ఆధారం లేదు కాబట్టి.

యార్డు చూసి పెరిగిన పిల్లవాడి చెయ్యి మూడోదాని మీదికి పోతుంది. వడ్డీ సంగతి వాడికి తెలుసు. జూన్‌లో పెట్టుబడికి ఇచ్చినవాడే ఫిబ్రవరిలో ధర కడతాడనీ, కాటాలో ఎంత పోతుందో, తాలు అని చెప్పి ఎంత కోస్తారో వాళ్ల నాన్న రాత్రిళ్లు చెప్పుకుంటుంటే విన్నాడు. వాడి కోపం న్యాయమైనదే. కానీ ఆ పేరాలో వడ్డీ అన్న మాటే లేదు. ఇచ్చిన సూత్రం ప్రకారం జవాబు రెండోది. గుంటూరు ఎన్నడూ చూడని లక్నో పిల్లవాడు అది పది సెకండ్లలో పెడతాడు. వాడికి అడ్డొచ్చే జ్ఞాపకం ఏదీ లేదు మరి.

ఇది కోచింగ్ వాళ్లు అల్లుకున్న సూత్రం కాదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్. దాని కింద చట్టమే ఒక ఉదాహరణ ఇస్తుంది: ఒకడు వెయ్యి బేళ్ల పత్తిని ఇంకొకడికి పంపాడు. ఆ పత్తి మీద ముందే అడ్వాన్సు తీసుకున్నాడు. అమ్మి అడ్వాన్సు మినహాయించుకొమ్మన్నాడు. ఇక ఆ అధికారం వెనక్కి రాదు. పంపినవాడికి పిచ్చెక్కినా, వాడు చచ్చిపోయినా రాదు. యార్డులూ కోల్డ్ స్టోరేజీలూ పుట్టకముందే పత్తికీ అప్పుకీ ఉన్న ముడి అంత కచ్చితంగా రాసిపెట్టారు. (ప్రకాశం పంతులు పుట్టిందీ 1872లోనే. లాసెట్ జనరల్ నాలెడ్జిలో వస్తే రావచ్చు.)

కాబట్టి ఇక్కడి పిల్లలు ముందు అలవాటు చేసుకోవాల్సింది, పేరాలో లేనిది జవాబులోకి రానివ్వకపోవడం. ఇందుకు ఒక పద్ధతి ఉంది. జవాబు పెట్టిన ప్రతిసారీ, దానికి ఆధారమైన వాక్యం మీద పెన్సిలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఆ జవాబు మన ఊరినుంచి వచ్చిందని అర్థం. నెల రోజులు ఇలా చేస్తే ఆ తేడా దానంతట అదే పట్టుబడుతుంది. ఊళ్లో అన్యాయం అనిపించినదానికి ఆధారం ఏ వాక్యంలో ఉందో వెతకడం లాయరు జీవితమంతా చేసే పని. పరీక్ష దాన్ని కొంచెం ముందుగా మొదలుపెట్టిస్తుంది, అంతే.

ఊరి అనుభవం బొత్తిగా దండగని కాదు. అది సంగతిని తొందరగా అర్థం చేయిస్తుంది. మొలకెత్తని విత్తనాల విషయమే చూడండి. పత్తి రైతుకు ఆ దెబ్బ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వినియోగదారుల ఫోరాలకెళ్తే, విత్తనాలకు వేరే చట్టం ఉంది, ఈ ఫోరాలకు అధికారం లేదని కార్పొరేషన్ వాదించింది. వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులే కారనీ అంది. 2012లో సుప్రీంకోర్టు ఆ వాదనలు ఒప్పుకోలేదు. విత్తనం కొన్న రైతూ వినియోగదారుడేనంది. ఇదే సంగతిని లాసెట్ అడిగితే, వినియోగదారుల రక్షణకు ఇప్పుడున్న చట్టం ఏ ఏడాదిదని అడుగుతుంది. జవాబు 2019. క్లాట్ అయితే "వ్యాపారం కోసం కొన్నవాడు వినియోగదారుడు కాడు, సొంత శ్రమతో బతకడానికి కొన్నవాడు మాత్రం అవుతాడు" అని సూత్రం ఇచ్చి, మూడెకరాల కౌలు రైతునూ రెండొందల ఎకరాల విత్తనోత్పత్తి కంపెనీనీ పక్కపక్కన నిలబెట్టి అడుగుతుంది. రెంటికీ ఒకే పుస్తకం చదివితే రెండూ సగం సగం అవుతాయి.

ఇంగ్లీషు మాటకొద్దాం. తెలుగు మీడియంలో చదివిన పిల్లకు క్లాట్‌లో అసలు గోడ ఇదే. మాటల పట్టికలు బట్టీ పట్టడం వల్ల ఒరిగేది తక్కువ. రోజూ ఒక ఇంగ్లీషు సంపాదకీయం చదివి, ఒక్కో పేరా అయ్యాక రాసినాయన ఏమన్నాడో తెలుగులో ఒక్క వాక్యంలో పైకి చెప్పాలి. చెప్పడానికి నోరు రాలేదంటే అర్థం కాలేదన్నమాట, కళ్లు మాత్రం దాటేశాయి. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఇప్పుడు తెలుగులోనూ దొరుకుతున్నాయి. ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు చదవొచ్చు. యంత్రం సాయంతో చేసిన తర్జుమా కాబట్టి ఒక్కోసారి ఇంగ్లీషే సులువనిపిస్తుంది. అదీ ఒక లాభమే. ఇంటర్ మొదటి ఏడాదిలో మొదలుపెడితే క్లాట్ అందుతుంది. రెండో ఏడాది దసరా తర్వాత మొదలుపెట్టినవాళ్లు నాలుగు వేల ఫీజు కట్టే ముందు ఒకసారి ఆలోచించుకోవాలి.

కాలం లెక్క కూడా చూసుకోవాలి. క్లాట్ ఇప్పుడు డిసెంబరులో పెడుతున్నారు. అప్పటికి ఇంటర్ రెండో ఏడాది సగం నడుస్తుంటుంది, పొలంలో పత్తి తీత సాగుతుంటుంది, మిరప తోట కాపు మీదుంటుంది. లాసెట్ మే, జూన్‌లలో వస్తుంది. ఇంటర్ పరీక్షలు అయిపోయి ఉంటాయి, యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు, ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. తోటలో పనికి వెళ్లాల్సిన ఇళ్ల పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు.

సీట్ల దగ్గర ఒక మెలిక. గుంటూరు, ప్రకాశం, 2022లో వాటిలోంచి వచ్చిన పల్నాడు, బాపట్ల, ఇవన్నీ ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తాయి. ఆ ప్రాంతపు సీట్లలో 85 శాతం స్థానికులవి. గుంటూరులో ఏసీ లా కాలేజీ, జేసీ లా కాలేజీ, ఒంగోలులో ఇందిరా ప్రియదర్శిని ఇందులోవే. ఒంగోలు పిల్లకు నెల్లూరు దగ్గరే. కానీ అది ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం. బస్సు దిగగానే ఆమె అక్కడ స్థానికేతరురాలు. ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు మ్యాపు కాదు, ఇది చూసుకోవాలి.

మూడేళ్ల కోర్సుకు వచ్చేవాళ్లలో కానిస్టేబుళ్లుంటారు, టీచర్లుంటారు, రిటైరయ్యాక తన కేసు తనే వాదించుకుందామని వచ్చేవాళ్లూ ఉంటారు. వయసు పరిమితి పెట్టాలని బార్ కౌన్సిల్ చూసింది గానీ 2017లో సుప్రీంకోర్టు ఆపింది. ఈ కోర్సు రెగ్యులర్ అనీ, హాజరు తప్పనిసరి అనీ నిబంధనలు చెప్తాయి. నిబంధనలు ఏమంటాయో చదవడం దగ్గరే లా చదువు మొదలవుతుంది గనక ఇంతకు మించి చెప్పను.

పట్టా వచ్చాక ఇంకో పరీక్ష ఉంది, ఆలిండియా బార్ ఎగ్జామ్. అది తెలుగులో రాయొచ్చు. బార్‌లో పేరు నమోదుకు వేలకు వేలు గుంజుతుంటే, జనరల్ వాళ్ల దగ్గర 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 మించి తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. "మావాడు జడ్జి అవుతాడు" అని ముందే పెళ్లి సంబంధాల దగ్గర చెప్పుకునేవాళ్లకు ఒక మాట: కింది కోర్టు జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న అదే కోర్టు తేల్చింది.

చివరగా గైడ్లు. పాత గైడు సగం ధరకు దొరికిందని సంబరపడకండి. 2024 జులై 1న ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు 302 అన్నది ఇప్పుడు 103. మోసానికి మనవాళ్లు నోటినిండా తిట్టే 420 ఇప్పుడు 318. కొట్టులో పుస్తకం చేతికిచ్చినప్పుడు ముందు పేజీలో అచ్చయిన ఏడాది కాకుండా, లోపల హత్య సెక్షను ఎంతుందో తిప్పి చూడండి. అట్ట మార్చి పాత పేజీలే కుట్టి అమ్మినట్టు తేలితే, దానికి వర్తించే సెక్షను నంబరు ఇప్పుడే చెప్పాను.