చంకబిడ్డకు నీళ్ల పరిచయం

కర్నూలు, కడప పల్లెల్లో ఈతబడి అంటే సేద్యపు బావి, లేదా సుంకేసుల నుంచి కడప దాకా పారే కె.సి. కాలువ. తండ్రో మేనమామో నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి నీళ్లలోకి దించేవారు. అది ఎదిగిన పిల్లల సంగతి. చంకబిడ్డకు ఆ లోతు, ఆ పారుదల తగవు. మండుటెండలోనూ బావినీళ్లు చల్లన. పసివాళ్లకు 32 డిగ్రీల వెచ్చని నీళ్లు కావాలి.

పసికందు నీళ్లలో కాళ్లాడించడం ఈత కాదు, పుట్టుకతో వచ్చి కొన్ని నెలల్లో పోయే ప్రతిచర్య. ఏడాదిలోపు నేర్పితే మునిగే ప్రమాదం తగ్గుతుందనడానికి ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాట. ఏడాది దాటాక తల్లిదండ్రుల చేతుల్లోనే మొదలుపెట్టవచ్చు. వణికితే వెంటనే పైకి తీయాలి. బుర్రలు, గాలి ట్యూబులు కాపలా కావు. ఇంట్లో నీళ్లతొట్టికి మూత పెట్టండి.